సైరను చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో భూపతిరాయుడుగారి కారు మొండికేస్తే వీధి వీధంతా పరిగెత్తుకొచ్చి, కేకలేస్తూ తోసేది. డ్రైవరు అప్పలస్వామికి ఆ కేకలంటే ప్రాణం. తరవాత రాయుడుగారు ఆ పాత కారుకే దొంగల సైరనూ, ఇంట్లోంచే మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటూ పెట్టించారు. తలుపు సందులో వైరు నలిగి, ఈగ వాలినా సైరను కూసేది.

"వైరు చూపిద్దాం బాబూ," అన్నాడు అప్పలస్వామి.

"అది అబద్ధమాడదు. ఎవడు ముట్టుకుంటే కూస్తుందో వాడే దొంగ!" అన్నారు రాయుడుగారు.

కారు తుడుస్తుంటే కూసిందని చివరికి అప్పలస్వామినే పనిలోంచి తీసేశారు.

కూసి కూసి బ్యాటరీ దిగిపోయింది. రాయుడుగారి కూతురి పెళ్లికి మగపెళ్లివారు రైలు దిగే పొద్దున మీట ఎంత నొక్కినా కారు స్టార్టవలేదు. తొయ్యమని పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు.

"ముట్టుకుంటే దొంగలమైపోతాం బాబూ. ముందు మీరు తలుపు తియ్యండి," అన్నాడు గుంపులోంచి అప్పలస్వామి.

ఆయన తీశారు. సైరను నీరసంగా కూసింది. వీధంతా ఆయన్నే చూసింది.

"వైరు పాడైందిరా!" అని అరిచారు రాయుడుగారు.

"మరి నా సంగతో బాబూ?"

రాయుడుగారు తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఉత్తరీయం నడుముకు చుట్టి, కారు వెనక్కి నడిచారు. చాన్నాళ్లకి వీధిలో మళ్లీ ఆ కేకలు లేచాయి. సైరను కూస్తూనే ఉంది గానీ, ఎవరికీ వినపడలేదు.