గుమ్మడికాయ తలల బొమ్మలాట

వెనకటికి రత్నగిరి దేశంలో ఒక రాజుండేవాడర్రా పిల్లలూ! ఆయనకు ముగ్గురు కొడుకులు, వాళ్ళ వెనక లేకలేక పుట్టిన ఒక కూతురు, కువలయ. పెద్దవాడు కత్తి పడితే తిరుగులేదు. రెండోవాడు విల్లు పడితే తిరుగులేదు. మూడోవాడు వసంతధ్వజుడికి అవేవీ పట్టేవి కావు. రోజూ చెల్లెలి చెయ్యి పట్టుకుని బొమ్మలాటకు తీసుకెళ్ళేవాడు. ఆడించేది సింగారి, తోలుబొమ్మలవాళ్ళ అమ్మాయి.

ఒక సాయంత్రం ఆట మంచి పట్టు మీద ఉండగా సుడిగాలి లేచింది. తెర చిరిగింది. తోలుబొమ్మలు ఎగిరిపోయాయి. గాలి ఆగేసరికి ముందు వరసలో కూర్చున్న పన్నెండుమంది పిల్లలు లేరు. వాళ్ళలో కువలయ కూడా ఉంది.

ఏడు సముద్రాల అవతలి దీవిలో ఉండే కరాళుడనే మాంత్రికుడి పని అది అని జోస్యులు చెప్పారు. పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు విల్లు పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు మూడోవాడు.

"నీకు కత్తీ రాదు, విల్లూ రాదు. నువ్వూ పోతే నేనెట్లా బతకను నాయనా?"

"చెల్లెలు నా చెయ్యి వదిలించుకుని వెళ్ళి ముందు కూర్చుంది. నేను కాక ఎవరు వెళ్ళాలి?"

"నా ఆట చూడ్డానికొచ్చిన పిల్లలు దొరా. నేనూ వస్తాను" అంది సింగారి. ఆమె దగ్గర ఇక బొమ్మలు లేవు. గుడిసె మీద పాకిన గుమ్మడి పాదుకు మూడు కాయలున్నాయి. ఆ మూడూ, ఒక చురకత్తీ, పాత చీర గుడ్డలూ మూట కట్టుకుంది.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి ఎండకు మాడుతోంది. ఇద్దరూ కలిసి దాన్ని బోర్లా తిప్పి నీళ్ళు చల్లారు. "నా వీపెక్కండి" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దీవి కనబడగానే తాబేలు చెప్పింది: "వాడి ప్రాణం వాడి భుజం మీది పచ్చచిలుకలో ఉంది. అది ఎన్నడూ భుజం దిగదు. దిగిందా, ఇక వదలకండి."

కరాళుడు ఉండేది పట్టపగలు కూడా వెలుతురు లేని గుహలో. గుమ్మానికి అటూ ఇటూ అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. లోపల పిల్లలు కళ్ళు మూసుకుని ఒకరినొకరు కరుచుకుని ఉన్నారు. మాంత్రికుడి మొహం అంత భయంకరంగా ఉంది మరి.

"బంగారు ఊయల కట్టించాను. పాయసం వండించాను. నా మొహం చూస్తే చాలు, ఏడుపే! మూడు రోజులిస్తున్నాను. వీళ్ళని నవ్వించారా, సరే. లేదా, మీరూ రాళ్ళే" అన్నాడు కరాళుడు.

సింగారి మొదటి కాయను డొల్ల చేసి, కళ్ళూ నోరూ చెక్కి, లోపల దీపం పెట్టి, వెదురుకర్రకు గుచ్చి గుడ్డ చుట్టింది. అది రాక్షసుడి తల. పిల్లలు ఇంకా ఏడ్చారు. రెండో రోజు వంకరముక్కు విదూషకుణ్ణి చెక్కింది. ఎవరూ కళ్ళే తెరవలేదు.

మూడో రోజు ఆమె దీపం వెలుగులో చాలాసేపు కరాళుడి మొహాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత అదే మొహాన్ని చెక్కసాగింది.

"వాడికి కోపమొస్తే?" అన్నాడు రాజకుమారుడు.

"రానీండి. పిల్లలు చూడలేకపోతున్నది ఆ మొహాన్నే కదా!"

తెర లేచింది. గుమ్మడికాయ మాంత్రికుడు గర్జించాడు. "హూం! నేనెవరో తెలుసా?"

"కొక్కొరోకో!" అన్నాడు వసంతధ్వజుడు తెర వెనక నుంచి.

గుమ్మడికాయ గజగజ వణికింది. "అమ్మో, కోడి! కరుస్తుంది!"

కువలయ ఒక కన్ను తెరిచింది. "కోడి కరవదు, పొడుస్తుంది!"

"పొడుస్తుందా తల్లీ? అయితే ఇంకా భయం!"

అంతే, పన్నెండుమందీ పకపకా నవ్వారు. చిలుక కూడా నవ్వుతూ ఎగిరొచ్చి గుమ్మడికాయ మీద వాలింది. రాజకుమారుడు చటుక్కున పట్టుకున్నాడు.

కరాళుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నులిమెయ్యి. వాళ్ళ నవ్వు విన్నాను, చాలు."

"ముందు మా అన్నల్ని లేపు."

మంత్రజలం చల్లగానే అన్నలు లేచారు. "ఇంకా చూస్తావేం తమ్ముడూ, నులుము!" అన్నాడు పెద్దవాడు.

"అన్నయ్యా, చిలకకి నొప్పెడుతోంది" అంది కువలయ.

వసంతధ్వజుడి పిడికిలి సడలింది. "కరాళా, వీళ్ళ తల్లులు తిండి మానేసి ఏడుస్తున్నారు. పిల్లల్ని నువ్వే ఇళ్ళకు చేర్చి, ప్రతి తల్లికీ మొక్కాలి. చిలుక ఇక మా చెల్లెలి దగ్గరే ఉంటుంది."

కరాళుడు అలాగే చేశాడు. పదకొండు ఇళ్ళలో చీవాట్లు తిన్నాడు. పన్నెండో ఇంటామె తలుపే తియ్యలేదు. గడప బయటే మొక్కి వచ్చాడు. చిలుక ఉన్న రత్నగిరిలోనే ఉండిపోయాడు.

సింగారికీ వసంతధ్వజుడికీ ఊరంతా పందిరి వేసి పెళ్ళి చేశారు. అన్నలు దేశం సరిహద్దులు కాస్తామని, సింహాసనం తమ్ముడికే ఇమ్మన్నారు. వసంతధ్వజుడూ సింగారీ రత్నగిరిని నలభై ఏళ్ళు చల్లగా ఏలారు. రాణి అయినా సింగారి ఏటా గుమ్మడికాయలు కోతకొచ్చాక తలలు చెక్కి ఆట ఆడించేది. తెర వెనక గొంతులన్నీ కరాళుడివే. ఆట అయ్యాక అందరూ వెళ్ళేదాకా అతను బయటికి వచ్చేవాడు కాదు.

ఒకసారి ఆట మధ్యలోనే మూడేళ్ళ పిల్ల ఒకతి తెర కిందుగా దూరి వచ్చేసింది. కరాళుడు గబుక్కున మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల అతని పంచె పట్టుకుని లాగింది.

"తాతా, ఎత్తుకో. నాకు బొమ్మ కనపడట్లేదు."