నేరేడుని పేరుతో పిలిచిన బడి

అనగనగా, మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్న కథ ఇది. ఒక అడవిలో ఓ బడి ఉండేది. దానికి పెద్ద టీచరు ఏనుగమ్మ. పొద్దున్నే పిల్లలందరి చేతా దేవుడికి దండం పెట్టించి, ఆ తర్వాతే పాఠాలు మొదలుపెట్టించేది.

ఆ ఏడు కొండ మీది నుంచి ఓ ఎలుగుబంటి పిల్ల వచ్చి బడిలో చేరింది. నేరేడుపళ్ళ కాలంలో పుట్టిందని వాళ్ళమ్మ దానికి నేరేడు అని పేరు పెట్టుకుంది. నల్లగా, బొద్దుగా, ముద్దొచ్చేలా ఉండేది.

ఓ రోజు జింకపిల్ల దాన్ని చూసి, "ఒరేయ్, ఈ కొండ ఎలుగులన్నీ మసిగుడ్డలేరా!" అంది. పిల్లలంతా పకపకా నవ్వారు. పొయ్యి మీది గిన్నె దించుకునే గుడ్డ ఉంటుంది చూడండి, అదే మసిగుడ్డంటే.

"అలా అనకు. నాకు బాధగా ఉంటుంది," అంది నేరేడు.

"అబ్బో, మసిగుడ్డకి కోపమొచ్చిందిరోయ్!" అంది జింకపిల్ల.

నేరేడు వెళ్ళి చిలక టీచరుతో చెప్పింది. "సరదాకి అన్నారులే తల్లీ," అని నవ్వేసింది చిలక. మర్నాడు హాజరు పిలుస్తూ తనే, "ఏదీ, మన మసిగుడ్డ వచ్చిందా?" అంది ముద్దుగా.

ఇక నేరేడు ఏనుగమ్మ దగ్గరికి వెళ్ళింది. ఏనుగమ్మ మంచిదే, కానీ తొందరెక్కువ. వెంటనే గంట కొట్టించి అందరినీ నిలబెట్టింది. "ఇకమీదట నేరేడుని ఎవరూ మసిగుడ్డ అనకూడదు! మసిగుడ్డ అన్నారంటే ఊరుకోను!" అని గట్టిగా చెప్పింది.

చిన్న తరగతి కుందేళ్ళకి అంతవరకూ ఆ మాటే తెలీదు. మధ్యాహ్నానికల్లా "మసిగుడ్డ అనకూడదు, మసిగుడ్డ అనకూడదు" అని పాట కట్టి, నేరేడు చుట్టూ గంతులేశాయి.

మర్నాడు తల్లి ఎలుగు వచ్చింది. "అమ్మగారూ, మా పిల్లని కొండకి తీసుకుపోతాను. దానికి చదువంటే ప్రాణం. అయినా ఇక పంపలేను," అంది.

"అదేమిటమ్మా, అందరికీ చెప్పానుగా!"

"చెప్పారండీ. తెలియనివాళ్ళకి కూడా తెలిసింది."

ఏనుగమ్మ చెవులు వాలిపోయాయి. నేరేడు పక్కన చతికిలబడింది. "నిన్నొక మాట అడక్కుండానే గంట కొట్టించేశాను తల్లీ. తప్పు నాదే. ఇప్పుడు చెప్పు, నీకు దేనికి ఎక్కువ బాధ కలిగింది?"

"పిల్లలు అన్నప్పుడు ఏడుపొచ్చిందండీ. టీచరుగారు హాజరులో పిలిచినప్పుడు మాత్రం... 'వచ్చానండీ' అని పలికాను. నా పేరు అదేనేమో అనిపించింది."

"ఒక్కరోజు ఆగమ్మా," అని తల్లిని బతిమాలుకుంది ఏనుగమ్మ. జింకపిల్లని కాదు, ముందు చిలకని పిలిపించింది.

"విన్నది పలకడం మా చిలకల గుణమండీ," అంది చిలక.

"వేటగాడి ఈల కూడా విన్నావుగా. తరగతిలో ఎప్పుడైనా వేశావా?"

"రామ రామ! పిల్లలు హడలిపోరూ?"

"అయితే ఏది పలకకూడదో నీకు తెలుసన్నమాట."

చిలక తల దించుకుంది. తరగతిలోకి వెళ్ళి, అందరి ముందూ, "నేరేడూ, నిన్ను నీ పేరుతో పిలవకపోవడం నా తప్పమ్మా," అంది. అది విని జింకపిల్ల మొహం చిన్నబోయింది. ఏనుగమ్మ దాన్నీ వాళ్ళమ్మనీ గదిలో కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. సాయంత్రం జింకపిల్ల తనంతట తానే వచ్చి, "ఇంకెప్పుడూ అనను. నాతో ఆడతావా?" అని అడిగింది.

"రేపు చూద్దాంలే," అంది నేరేడు. మర్నాడు ఆడింది కూడా.

కుందేళ్ళని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. వద్దంటే మళ్ళీ అదే పాట! చిలక వాటికో వానపాట నేర్పింది. అవి అందులో పడి పాతది మరిచిపోయాయి. తల్లి ఎలుగు నేరేడుని బడిలోనే ఉంచి ఒక్కతే, నిశ్చింతగా, కొండెక్కి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ముళ్ళపంది పిల్ల ఏనుగమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నన్ను కూడా ఒక మాట అంటారండీ. ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ఏనుగమ్మ గంట వైపు చూడలేదు. తలుపు దగ్గరికి వేసింది. "ఇలా నా పక్కన కూర్చో నాన్నా."

"ముళ్ళు గుచ్చుకుంటాయండీ."

"గుచ్చుకోనీ. నువ్వు చెప్పు."

నీతి: మాటతో నొచ్చుకున్నవాళ్ళు చెప్పేది ముందు కూర్చుని వినాలి. ఆ మాట మాన్పించడం ముందు పెద్దవాళ్ళ నోటి నుంచే మొదలుపెట్టాలి.