కంచు వంగనని మొండికేసిన కథ

ఒకప్పుడు లోకంలో కంచు అనేదే లేదు. కంచు పళ్లెం లేదు, కంచు గంట లేదు. ఇనుము సంగతి కూడా అప్పటికి ఎవరికీ తెలీదు. ఏ పని జరగాలన్నా రాగి ఒక్కటే దిక్కు. ఆ రాగేమో ఎవరు గట్టిగా చూసినా వంగిపోయే రకం.

ఎందుకంటారా? రాగిని ముక్కలు, ఆ ముక్కల్ని మళ్లీ ముక్కలు చేసుకుంటూ పోతే, చివరికి కంటికి ఆననంత చిన్నవాళ్లు మిగులుతారు. వాళ్లే పరమాణువులు. రాగి పరమాణువులందరూ ఒకే కొలత. బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు వరసలు వరసలుగా ఉంటారు. మర్యాద మాత్రం మరీ ఎక్కువ. ఎవరైనా తోస్తే చాలు, "అయ్యో, మీరు రండి, మేం జరుగుతాం" అంటూ వరసకు వరసే పక్కకు జారిపోయేది. వరస జారిందంటే రాగి వంగినట్టే కదా!

ఇక తగరం అని ఇంకొకటి ఉండేది. తెల్లగా మెరిసేది గానీ రాగి కంటే మెత్తన. పైగా ఏడుపుగొట్టుది. వంచితే కిర్రుకిర్రుమని ఏడ్చేది. దాని పరమాణువులు రాగివాళ్ల కంటే కాస్త లావు. అందుకని వాళ్లను ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు. పాపం, లావుగా ఉండటం ఏమైనా తప్పా?

ఒక ఏడాది కొమురవ్వ చేలో జొన్న విరగపండింది. కొమురవ్వ ఒంటరి మనిషి. ఆ జొన్నలే ఆమెకు ఏడాది తిండి. పొద్దున్నే రాగి కొడవలి పట్టుకుని కోతకు దిగింది. మూడు దంట్లు తెగాయి. నాలుగోదానికి కొడవలి వాలిపోయింది.

"తొందరేం లేదవ్వా, మెల్లగ కోసుకో" అన్నాయి కంకుల మీది చిలుకలు, నోటినిండా గింజలతో. "గప్పటిదాక మేం తింటుంటం."

కొడవళ్లు పోసే ఓదెలు దగ్గరికి పరుగెత్తింది కొమురవ్వ. అతను కొడవలిని కరిగించి మళ్లీ పోసి ఇచ్చాడు. అది మళ్లీ వంగింది. మళ్లీ పోశాడు. మళ్లీ వంగింది. మధ్యాహ్నానికి ఆమె చేలో కోసినదానికంటే దారిలో నడిచిందే ఎక్కువ.

అంతలో పడమటి దిక్కు నుంచి నల్ల మేఘం ఒకటి పొట్ట పట్టుకుని వచ్చింది.

"కొమురవ్వా, జల్ది కానియ్యి తల్లీ" అంది మొహం వంకర్లు తిప్పుతూ. "సముద్రం కాడ నీళ్లు శాన తాగిన. రేపు పొద్దుగూకేదాక ఆపుకుంట. ఆ మీద నా తోని కాదు."

"జర గట్టిగ ఆపుకో బిడ్డా!" అని రెండు చేతులూ జోడించింది కొమురవ్వ. "జొన్న తడిస్తె గింజంత నల్లబడుతది. ఏడాదంత నేనేం తినాలె?"

భయంతో ఆమె మళ్లీ ఓదెలు దగ్గరికి పరుగెత్తింది. ఆ భయం కొలిమి చేరేసరికి కోపమైంది.

"ఏం కొడవలిరా ఓదెలూ ఇది? జొన్న దంటును చూస్తె వంగి దండం పెడుతున్నది!"

"నేనేం జెయ్యాలె అవ్వా? రాగి గుణమే గంత."

"నీ రాగి మన్నువడ!" అంటూ ఆమె చేతికందింది విసిరేసింది. చేతికందింది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన తగరపు గడ్డ. ఓదెలు తల వంచాడు. గడ్డ అతని మీదుగా పోయి, కొలిమి మీద రాగి కరుగుతున్న మూసలో బుడుంగున మునిగింది.

"కొంపముంచినవు గదనే అవ్వా!" అని ఓదెలు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "నా తాన ఉన్న రాగంత గదే!"

"ఏదైతే గదాయె. అచ్చుల పొయ్యి!"

పోశాడు. ఇక అచ్చులో ఏం జరిగిందో వినండి. వేడి తగ్గుతుంటే రాగివాళ్లు ఎప్పట్లాగే వరసల్లో సర్దుకుంటున్నారు. మధ్యలో ఒక లావుపాటి తగరం పరమాణువు దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. "ఇక్కడ... నేను కూర్చోవచ్చా?" అన్నాడు నంగినంగిగా.

"అయ్యో, అడగాలా! కూర్చోండి, కూర్చోండి" అన్నారు రాగివాళ్లు. మర్యాదస్థులు కదా.

అతను కూర్చున్నాడు. ఇటుపక్కవాళ్లు కాస్త నొక్కుకున్నారు, అటుపక్కవాళ్లు కాస్త వంకరయ్యారు. ఆ పైవరసలో ఇంకొకడు కూర్చున్నాడు, కిందివరసలో ఇంకొకడు. వాళ్లను ఎవరైనా కూర్చోమనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "ఇక ప్రాణం పోయినా ఇక్కణ్ణించి లేవం" అనుకున్నారు.

అంచు సాగగొట్టడానికి ఓదెలు సుత్తె ఎత్తాడు. ధన్‌మని దెబ్బ పడింది.

"మీరు రండి, మేం జరుగుతాం" అని రాగి వరస కదలబోయి తగరం పొట్టకు గుద్దుకుంది. "బాబ్బాబు, కాస్త లేస్తారా? సుత్తెగారు వచ్చారు."

"వస్తే రానీ. నేను లేవను."

వరస ఆగిపోయింది. వాళ్ల వెనక వరసా ఆగిపోయింది. సుత్తె ఎగిరి వెనక్కి వచ్చింది. ఓదెలు చెయ్యి జివ్వుమంది.

ఆ కొడవలితో కొమురవ్వ చేలో దిగిందంటే చూడాలి! దంట్లు చరచరా తెగాయి. చిలుకలు నమలడం మానేసి చూశాయి. అయినా మర్నాడు మధ్యాహ్నానికి ఇంకా సగం చేను మిగిలే ఉంది. ఆపుకోలేక మేఘం మొహం నీలమైంది.

సాయం చేద్దామని ఓదెలు పూనుకున్నాడు. "గంత తగరానికే గింత గట్టిగుంటె, ఇంకింత ఏస్తె ఇంకెంతుండాలె!" అనుకుని, పెళ్లాం చూడకుండా ఇంట్లో రాగి బిందె కరిగించి, బోలెడు తగరం వేసి ఇంకో కొడవలి పోశాడు. దాని లోపల ఎటు చూసినా తగరంవాళ్లే. అందరూ కూర్చున్నారు, ఎవడూ లేవడు. రాగివాళ్లకు ఇసుమంతైనా జరిగే చోటు లేదు.

ఓదెలు చేలో దిగి, మొదటి దంటుకే విసురుగా వేశాడు. కొడవలి రాయికి తగిలి ఖంగుమని రెండు ముక్కలైంది. బిందె పోయింది, కొడవలీ పోయింది. పెళ్లాం మొహం తలుచుకుని అతను దిగాలుపడ్డాడు.

"ఏడుస్తె తర్వాత ఏడుద్దువు గని, ముందు కట్టలు మొయ్యిరా!" అని అరిచింది కొమురవ్వ.

ఆమె కోసింది, అతను మోశాడు. ఆఖరి కట్ట కొట్టంలో పడీపడగానే పైనుంచి "ఇగ నా తోని కాదూ!" అని కేక వినిపించింది. వాన కుండపోతగా దిగింది. ఒక్క గింజ తడవలేదు. కొట్టం గుమ్మంలో కూలబడి కొమురవ్వ ఒకేసారి ఏడ్చింది, నవ్వింది.

ఓదెలు విరిగిన ముక్కను రాయికేసి కొట్టాడు, కోపంగా. అంత వానలోనూ ఆ మోత చాలాసేపు నిలిచింది.

"ఇంకోసారి కొట్టు" అంది కొమురవ్వ. "కొయ్యనీకి పనికిరాదు గని, ఊరోళ్లను పిలువనీకి మస్తుగుంటది."

అలా రాగీ తగరమూ కలిసి కంచు పుట్టింది. ఇప్పటికీ రాగి చెంబు కింద పడితే సొట్టపోతుంది. కంచు పళ్లెం మాత్రం ఖంగుమని మోగుతుంది, మరీ గట్టిగా పడితే పగిలి ఊరుకుంటుంది గానీ, ఎవరు చెప్పినా వంగదు.