సగం బాణీ

ఫింటన్ ముసలాయన దగ్గర ఫిడేలు నేర్చుకునే ఊనాకు ఒక విద్య అబ్బింది. ఏ సినిమాలోనైనా ఐర్లండ్ నాట్యపు బాణీ వినిపిస్తే చాలు, తెర మీదివాళ్ళు గ్లాసులు పైకెత్తేలోపే దాని పేరు చెప్పేసేది. ఏ ఊరిదో కూడా చెప్పేది. పేరు దొరికాక ఇక వినేది కాదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలుస్తుందంటారు. నిజమే. కడుపు మాత్రం నిండదు.

ఆ ఊనా చలికాలం చివర్లో ఒకరోజు ఏడుస్తూ గురువు ఇంటికి వచ్చింది.

"గురువుగారూ, ఒక్క బాణీ పేరు దొరకడం లేదు. ఎవరినడిగినా తెలీదంటున్నారు."

అది ఆమె తండ్రి వాయించిన బాణీ. ఆయన పోయి నెల కూడా కాలేదు. వయసులో ఉన్నప్పుడు ఎవరో సినిమా తీయడానికి వాళ్ళ ఊరొస్తే, పెళ్ళి సీనులో ఓ మూల కూర్చుని వాయించాడు. ఆయన వాయించినదాంట్లో ఈ లోకంలో మిగిలింది ఆ కాస్తే. పాపం, అదీ సగమే. ఆ బాణీలకు రెండు భాగాలుంటాయి, ఒక్కొక్కటీ రెండేసి సార్లు వాయిస్తారు. మొదటి భాగం అయిందో లేదో సినిమాలో గుర్రబ్బండి వచ్చేస్తుంది, అందరూ కేకలేసుకుంటూ బయటికి పరుగెడతారు.

"పేరు తెలిస్తే మిగతా సగం ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాను. లేకపోతే నాన్న పూర్తిగా పోయినట్టే."

"ఇంట్లో ఇదే బాణీ వాయించేవాడు కాదూ?"

"రోజూ వాయించేవాడు, పొయ్యి దగ్గర కూర్చుని."

"మరి?"

ఊనా తల దించుకుంది. "పేరేంటి నాన్నా అని అడిగేదాన్ని. 'ఏమో తల్లీ, మా అమ్మ దగ్గర నేర్చుకున్నా, ముందు విను' అనేవాడు. నేను పేరు వెతకడానికి లేచిపోయేదాన్ని."

గురువు ఆ సినిమా ముక్క పెట్టించుకుని విన్నాడు. ఫిడేలు తీసి మొదటి భాగం వాయించాడు. ఆనవాయితీ ప్రకారం ఇంకోసారి వాయించాడు. రెండో భాగం మొదలవ్వాల్సిన చోట కమాను గాల్లో ఆపి, ఆమె వంక చూశాడు.

ఊనా నోరు తెరిచింది. పొయ్యి గుర్తొచ్చింది. నేల మీద తాళం వేసే నాన్న బూటు గుర్తొచ్చింది. తను తలుపు మూసి వెళ్ళిపోవడం గుర్తొచ్చింది. బాణీ మాత్రం ఒక్క స్వరం కూడా రాలేదు.

ఆయన కమాను దించలేదు.

"ఇక దొరకదు కదండీ?" అంది.

"దొరకదు."

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి, కమానును మళ్ళీ తీగల మీద పెట్టాడు.

"కూర్చో. ఉన్న సగమైనా విను."