పేరు లేని తమ్ముడికి పాలు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుందమ్మా. ఆ ఊళ్ళో నాంచారి అనే పిల్ల ఉండేది. దానికో తమ్ముడు పుట్టాడు. ఇంకా బారసాల కాలేదు కదా, వాడికి పేరు లేదు. అందరూ చంటాడు, చంటాడు అనేవాళ్ళు.

అంతలో వాళ్ళమ్మకి జ్వరం తగిలి పాలు ఇంకిపోయాయి. ఊళ్ళో ఆవులూ గేదెలూ కూడా వట్టిపోయాయి. చంటాడు ఏడ్చి ఏడ్చి, వాడి గొంతు సన్నబడిపోయింది. నాంచారికి ఒకటే బెంగ. ఏడుస్తున్నంతసేపూ ఫరవాలేదు, ఆ ఏడుపే ఆగిపోతే ఎలాగ?

అప్పుడది పాల కోసం ఏరు దాటి అవతలి ఒడ్డున ఇంగ్లీషు సంతకి పరిగెత్తింది. ఆ సంతలో పేర్లదే పెత్తనం. మీ బళ్ళో నౌన్ అంటారు చూడు, మన నామవాచకం, దాన్ని ఎలా పలికితే వస్తువు అలా అయిపోతుంది. తమాషా అంటావా? నాంచారి ప్రాణానికి తెలుసు ఆ తమాషా!

మొదటి పాలకుండ దగ్గరికెళ్ళింది. మనం పాలు పొంగాయి అంటాం, పాలు విరిగాయి అంటాం. పాలు పొంగింది అంటే నవ్వరూ? మన పాలు ఎప్పుడూ బహువచనమే. అందుకని నాంచారి కూడా చివర ఎస్సు తగిలించి, దర్జాగా "మిల్క్స్" అంది. అంతే, అమ్మో! కుండలో పాలు చుక్క చుక్కా విడిపోయి, గోళీల్లా సంతంతా దొర్లిపోయాయి. ఒక్కటి చేతికి చిక్కితేనా!

"గింజలనుకున్నావా ఎస్సు తగిలించడానికి?" అని కసిరింది కుండావిడ.

ఆ తర్వాత రెండో కుండ. ఎస్సు వద్దన్నారుగా అని "ఎ మిల్క్" అంది. ఎ అంటే ఒకటి. టప్పున ఒకే ఒక్క చుక్క అరచేతిలో పడింది, కుండకి మూత పడిపోయింది. నాంచారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ చుక్కతో చంటాడి నాలుక కూడా తడవదు.

అప్పుడు మూడో కుండ ముందు కాసేపు ఆలోచించింది. వీళ్ళ పాలు లెక్కకి రావు. లెక్కకి వచ్చేది పాలు పోసిన గ్లాసు. భయంభయంగా "ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్" అంది. ఆశ్చర్యం! నిండు గ్లాసు పాలు వచ్చాయి.

"ఎవరికమ్మా?" అని అడిగింది ఆ కుండావిడ.

"ఎ బేబీ" అంది నాంచారి సంబరంగా.

ఏం జరిగిందనుకున్నావ్? గ్లాసు గాల్లోకి లేచి, పక్కనే బెండకాయలమ్మే అతని పిల్లాడి నోటి దగ్గర వాలింది. వాడు గటగటా తాగేశాడు! ఎ బేబీ అంటే ఎవరో ఒక పాపాయి. అది మన చంటాడే కానక్కర్లేదు.

నాంచారి ఆవిడ కొంగు పట్టుకుంది. "కాదండీ, మా చంటాడికి!"

"ప్రతి ఇంట్లోనూ ఒక చంటాడుంటాడు. పేరు చెప్పు. కుండలో మిగిలింది ఇంకొక్క గ్లాసే," అంది కుండావిడ.

పేరేదీ? పెద్దలు కూర్చోవాలి, మేనత్త రావాలి, పళ్ళెంలో బియ్యం పోసి రాయాలి. ఇంతింత పిల్ల పేరు పెట్టడమేమిటి? కానీ ఇందాకటిదాకా ఏటి మీదుగా సన్నగా వినిపించిన ఏడుపు ఇప్పుడు వినిపించడం లేదు.

"సూరన్న!" అని గొంతు చించుకుని అరిచింది. "మా సూరన్నకి!"

ఆ పేరులో మొదటి అక్షరం సంత నడుమ తాటిచెట్టంత ఎత్తున లేచి నిలబడింది. ఒక్కడికే చెందిన పేరుకి ఇంగ్లీషులో పెద్దక్షరం మర్యాద చేస్తారు. ఆ ఆఖరి గ్లాసు ఏటి మీదుగా దూసుకుపోయింది. దాని వెనకాలే నాంచారి నీళ్ళలో పడుతూ లేస్తూ పరిగెత్తింది.

ఇంటికొచ్చేసరికి పిల్లాడు అమ్మ ఒళ్ళో గుటక గుటకగా ఆ పాలు తాగుతున్నాడు. నాంచారికి ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. ఏటవతల అది పెట్టిన కేక అమ్మ చెవిన పడింది. ఆవిడ ఇంకా తెల్లబోయే చూస్తోంది.

"బారసాల కాకుండానే వీడికి పేరు పెట్టేశావుటే?"

"నేను కాదమ్మా," అంది నాంచారి వెక్కుతూ. "వాడి ఆకలి పెట్టింది."

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన కంటి దారి పట్టింది.