నూనె వెయ్యని మట్టి

ఓబులేసుకు మళ్ళీ కళ్ళు తిరిగాయి. కుస్తీ గోదాలో తోటి శిష్యుడు బాబయ్య మెడ పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే మోకాళ్ళ మీద కూలిపోయాడు. బాబయ్య పెద్దగా కష్టపడకుండానే అతణ్ణి చిత్తు చేసి, ఆ తర్వాత తనే నీళ్ళు తెచ్చి ముఖం మీద చల్లాడు.

కర్నూలు పాతబస్తీలోని ఆ తాలీంఖానాకు హుసేన్ పీరా వస్తాదు పెద్దదిక్కు. కుస్తీ నేర్పడమే కాదు, ఎవరు ఎప్పుడు పోటీకి దిగాలో కూడా ఆయనే చెబుతాడు. ఆయన గట్టు మీద నుంచి కదలకుండా ఒక్క మాట అన్నాడు.

"ఈసారి దర్గా ఉరుసు కుస్తీకి నువ్వు పోవద్దు."

ఆ కుస్తీ కోసమే ఓబులేసు ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. దానికోసమే ఒళ్ళు చెక్కుకుంటున్నానని అతని నమ్మకం. ఫోనులో ఎవరో కండల వీరుడు చెప్పగా విని నూనె మానేశాడు, నెయ్యి మానేశాడు, కోడిగుడ్డులో పచ్చసొన తీసి పారేశాడు. వాళ్ళమ్మ లక్ష్మీదేవి వంకాయ కూర వండితే ముక్కల్ని నీళ్ళలో జాడించి మరీ తినేవాడు. కడిగిన కూర! చూస్తూ చూస్తూ ఏ తల్లి ఊరుకుంటుంది? ఆమె ఏడ్చినా వినలేదు. మిగతా ఆకలికంతా డబ్బాలోని ప్రోటీన్ పొడి, నీళ్ళలో కలిపి. ఆ పొడి బాబయ్య కూడా తాగుతాడు. కాకపోతే ఇంట్లో కడుపునిండా అన్నం తిన్నాక తాగుతాడు.

నిజం చెప్పాలంటే ఓబులేసు ఒళ్ళు చూడ్డానికి బాగానే తేలింది. పొట్ట మీద పలకలు, చేతుల మీద నరాలు. అద్దం ముందు నిలబడితే అతనికి అతనే ముద్దొచ్చేవాడు. మోకాళ్ళు నొప్పెడుతున్న సంగతి, రాత్రిళ్ళు నిద్రపట్టని సంగతి అద్దంలో కనబడేవి కావు.

"నేనెందుకు పోకూడదు?" అన్నాడు లేచి నిలబడి.

"ఒంట్లో సత్తువ లేదు బేటా. ఇంట్లో అందరూ తినేదే తిను. నూనె వేసిన కూర తిను, అన్నంలో ఇంత నెయ్యి వేసుకో. తర్వాత చూద్దాం."

"మీరు తింటున్నారా?"

ఒకప్పుడు వస్తాదు గ్లాసుతో నెయ్యి తాగిన మనిషి. కిందటేడు గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో పడ్డాక నెయ్యి గిన్నె వైపు కన్నెత్తి చూడటం లేదు. అది అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ ఎత్తరు, అంతే.

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి మీరు ముట్టుకోవడం లేదు కదా," ఓబులేసు ఆగలేదు. "మీకు విషమైంది నాకు బలమెట్లయితాది? జవాబు చెప్పండి. చెప్పలేకపోతే నా లంగోటి ఈడ పెట్టేసి ఇంకో తాలీంకు పోతా."

బాబయ్య అతని నోరు మూయబోయాడు. వస్తాదు వద్దని చెయ్యి ఊపాడు.

"పోదువులే. పోయే ముందు గోదా మట్టి కలిపి పో."

ఏటా ఉరుసుకు ముందు గోదాను తవ్వి, మట్టిలో పసుపు, మజ్జిగ, నువ్వుల నూనె కలుపుతారు. అలా కలపకపోతే పడ్డవాడి చర్మం లేచిపోతుంది. ఆ ఏడు గోదాలో సగం పాత మట్టి. మిగతా సగం కొత్తగా తోలించిన ఎర్రమట్టి.

"ఈ పక్క పాత మట్టికి నూనె వద్దు. ఏండ్ల తరబడి తాగింది, చాలు," అన్నాడు వస్తాదు. "ఆ పక్క కొత్తదాని సంగతి నీ ఇష్టం."

ఓబులేసుకు ఒళ్ళు మండింది. "పాతదానికి వద్దంటే కొత్తదానికీ వద్దు. ఒకటే గోదా, ఒకటే లెక్క," అన్నాడు. పసుపు చల్లాడు, మజ్జిగ పోశాడు, పారతో తిరగేశాడు. నూనె డబ్బాను కాలితో పక్కకు జరిపాడు. అంత పనిలో ఒక్కసారి కూడా మట్టిని చేత్తో తాకి చూడలేదు.

మర్నాటికి మట్టి ఆరింది. "అయింది. ఇక పోతా," అన్నాడు ఓబులేసు.

వస్తాదు చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. "వస్తాదూ, మీ గుండె..." అని బాబయ్య లేచేలోపే ఆయన కొత్త మట్టిలోకి దిగాడు. చేరిన రోజున ప్రతి శిష్యుడికీ పడటం ఎలాగో చూపించినట్టే భుజం మీదుగా పడి, దొర్లి లేచాడు. వీపంతా గీరుకుపోయి రక్తం చెమర్చింది. ఆయన మట్టి దులుపుకోలేదు. మళ్ళీ పడబోయాడు.

"ఆగండి!" ఓబులేసు ఉరికి ఆయన్ను రెండు చేతులా పట్టేశాడు. "ఏంది మీరు చేసేది? మట్టి గరుకుగా ఉంది, కనబళ్ళేదా?"

"నువ్వు అయిందన్నావు కదరా. నీ మాట నమ్మి పడినా."

ఓబులేసుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కోపం కూడా పోలేదు. వెళ్ళి నూనె డబ్బా తెచ్చాడు. కొత్త మట్టి మీద కొంచెం పోసి, ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో కలిపి, పిడికిట్లోకి తీసుకుని నొక్కాడు. పొడిపొడిగా రాలిపోయింది. ఇంకొంచెం పోసి మళ్ళీ పట్టి చూశాడు. ఈసారి ముద్ద నిలిచి, వేలితో అదిమితే మెత్తగా విడిపోయింది. డబ్బాకు మూత పెట్టాడు. ఎంత పోయాలో ఎవరూ చెప్పలేదు.

గట్టు మీద బాబయ్య వస్తాదు వీపు కడుగుతున్నాడు. ఓబులేసు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మట్టికి పోసినాను, సరే. నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. మిమ్మల్ని నెయ్యి మానమన్నారా, లేదా?"

"అన్నారు. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది. గుండె చూసింది, రక్తం తీసి చూసింది. అప్పుడు చెప్పింది, మానేసినా." వస్తాదు తల ఎత్తాడు. "నిన్నెవరు చూసినార్రా?"

ఓబులేసు జవాబు చెప్పబోయాడు. ఫోనులోని ఆ కండల వీరుడు తనను ఎన్నడూ చూసినవాడు కాదు.