బావిలోంచి వచ్చిన పిలుపు

హరికథలు చెప్పే నరహరిదాసు గారు దారి నడుస్తూ శిష్యుడి ప్రశ్నలన్నీ వినేవారు కాని, వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఒక వేసవిలో, మెట్ట ఊళ్లలో కథ చెప్పడానికి వెళుతుండగా శిష్యుడు అచ్యుతం అడిగాడు.

"గురువుగారూ, ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని కథానాయకులు నాలుగు రకాలన్నారు. అందరూ ధీరులే. మరి భయపడేవాణ్ణి నాయకుడిగా పెట్టి కథ నడపలేమా?"

దాసుగారు తలకు కండువా చుట్టుకుని నడుస్తూనే ఉన్నారు.

కొంత దూరం పోయాక ఏడుపులు వినిపించాయి. పొలంలో పాత బావి చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. పూడిక తీయడానికి దిగిన సింగయ్య అడుగున కూలిపోయాడట. అన్నను చూసి తమ్ముడు వీరాసామి, ఎవరు ఆపినా వినకుండా, తాడు పట్టుకుని సర్రున జారాడట. ఇప్పుడు అతనూ పలకడం లేదు. అచ్యుతం వంగి చూశాడు. లోపల చీకట్లో కదలని తెల్లటి పంచె కనబడింది.

అంతలో పక్కపొలం ఓబులేసు వచ్చాడు. యాభై ఏళ్ల బక్కమనిషి. లోపలికి చూడగానే అతని చేతులు వణకసాగాయి. లాంతరు వెలిగించి తాడుతో దింపించాడు. సగం లోతుకు పోకముందే దీపం ఆరిపోయింది.

"చెడుగాలి. ఎవురూ దిగొద్దు," అన్నాడు. లోపలి గాలి కదలడానికి వేపమండలు మోపుగా కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించమన్నాడు, కడవలతో నీళ్లు కుమ్మరించమన్నాడు.

సింగయ్య భార్య నాగమ్మ అతని చొక్కా పట్టుకుంది. "నా మొగుడు సస్తా ఉంటే ఆకులూపుతావా? భయమైతే పక్కకు తప్పుకో!"

"భయమే తల్లీ," అన్నాడు ఓబులేసు. "ఇంకోసారి దీపం దించండి."

మూడోసారికి దీపం నిలిచింది. ఓబులేసు నడుముకు మోకుతాడు కట్టుకుని, ముడి రెండుసార్లు లాగి చూసుకుని, కొస అచ్యుతానికీ మరో నలుగురికీ ఇచ్చాడు. "వీరాసామీ అని పిలుస్తానే ఉంటా. పిలుపు ఆగితే లాగేయండి."

ఇంకో తాడు కొస చేతపట్టుకుని దిగాడు. మోకు వణుకుతోంది. ఆ వణుకు తనదో అతనిదో అచ్యుతానికి తెలియలేదు. "వీరాసామీ... వీరాసామీ..." గొంతు లోతుకు పోయేకొద్దీ పలచబడింది. ఒక దగ్గు వినిపించింది. ఆ తరువాత ఏమీ లేదు.

"లాగండి!" అని ఎవరో అరిచారు. అరిచింది తానేనని అచ్యుతానికి తరువాత తెలిసింది.

ఓబులేసు స్పృహ తప్పి, తల వేలాడుతూ పైకొచ్చాడు. అతను కట్టిన రెండో తాడుకు వీరాసామి కూడా వచ్చాడు. కాసేపటికి వీరాసామికి ఊపిరాడింది. ఓబులేసు తెప్పరిల్లి, వాంతి చేసుకుని, మళ్లీ దీపం దించమన్నాడు. ఈసారి అతణ్ణి ఇద్దరు పట్టుకుని బావి గట్టున కూర్చోబెట్టాల్సి వచ్చింది. అయినా దిగాడు. సింగయ్యను పైకి తెచ్చాడు కాని, ప్రాణంతో కాదు.

ఆ సాయంత్రం కథ జరగలేదు. తిరుగుదారిలో అచ్యుతం అన్నాడు:

"గురువుగారూ, ఓబులేసును నాయకుడిగా పెట్టి కథ కడతాను. కాని ఆ వణుకు సభలో శోభించదేమో. అదొక్కటీ తీసేస్తాను."

"తీసెయ్యి నాయనా," అన్నారు దాసుగారు. "దాంతోపాటు ఆ మోకు కూడా తీసెయ్యి."